ఒంటాకు దొరగారి సమక్షంలో

గుండ్లవాగు వ్యవసాయ పరిశోధనా స్థానంలో అధిపతి కుర్చీకి వెనకవైపు తెల్ల తువ్వాలు కప్పి ఉంటుంది. ఆ తువ్వాలుకు వీపు ఆనించే యోగం పట్టడానికి డాక్టర్ వైజయంతికి పద్దెనిమిదేళ్లు పట్టింది. అదీ పూర్తిగా పట్టలేదు, ఇన్‌చార్జిగా పట్టింది. అయినా సరే, మెత్తటి తువ్వాలు మెడకు తగులుతుంటే ఆవిడకు ప్రాణం హాయిగా ఉండేది. ఆ భోగం ఒక్క ఎండాకాలం సాగింది. తొలకరి పడగానే ఆ కుర్చీలోకి ఒక మొక్క వచ్చి కూర్చుంది.

మొక్క దానంతట అది రాలేదు లెండి. వైజయంతి నోరే తెచ్చి కూర్చోబెట్టింది.

పంటల పరిశోధనకు కొత్త కమిషనర్‌గా భుజంగరావు గారు వచ్చారు. ఆయన ఉద్యోగ జీవితమంతా మర్యాదల శాఖలో గడిచింది. ఏ సభలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరి మెడలో దండ ముందు పడాలి, ఎవరి కారు ఎవరి కారు వెనక ఆగాలి అన్న విషయాల్లో ఆయనంత పండితుడు మరొకరు లేరు. మొక్కల సంగతి మాత్రం వారికి కూరల్లో కనిపించిన మేరకే తెలుసు.

తొలి సమీక్షా సమావేశంలో వైజయంతి తన పెసర గురించి చెప్పడానికి లేచింది. ఎనిమిదేళ్ల కష్టం అది. మామూలు పెసరకాయ విడతలు విడతలుగా పండుతుంది. ఆడకూలీలు ఒకే చేలో మూడు నాలుగుసార్లు నడుం వంచి ఏరుకోవాలి. "ఈ మాయదారి కాయ ఒక్కసారిగా పండి చస్తే నీ ఫోటో ఇంట్లో పెట్టుకుంటానమ్మా" అని కూలీల మేస్త్రీ నాంచారమ్మ ఒకరోజు నడుం పట్టుకుని అంది. ఆ మాట వైజయంతి బుర్రలో నాటుకుపోయింది. కాయలన్నీ ఒకే దెబ్బకు పండే పెసర ఇప్పుడు ఒక మడి నిండా మొలిచి ఉంది. ఈ పంట విత్తనం చేతికొస్తే వచ్చే ఏడు రైతుకు ఇవ్వొచ్చు. పోతే మళ్లీ మొదటికొచ్చినట్టే, ఎందుకంటే ఉన్న విత్తనమంతా ఆ మడిలోనే పోసింది.

ఆవిడ తెర మీద పట్టిక చూపిస్తుండగా కమిషనర్ గారు చెయ్యెత్తారు.

"ఆ చివరి వరసలో అంకెలేంటమ్మా?"

"క్రోమోజోములండీ. ప్రతి కణంలోనూ సన్న పోగుల్లా ఉంటాయి. మొక్క ఎంత ఎత్తు పెరగాలి, ఏ రంగు పువ్వు పూయాలి, అంతా వాటిలోనే ఉంటుంది."

"గోధుమకు నలభై రెండు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మన వరికి ఇరవై నాలుగా? ఇంత వెనకబాటుకు బాధ్యులెవరు?"

సభలో ఉన్న పెద్దలంతా తలలు దించుకున్నారు, తామే బాధ్యులైనట్టు.

"వెనకబాటు కాదు సార్" అంది వైజయంతి. "వేల ఏళ్ల కిందట మూడు రకాల గడ్డి మొక్కలు ఒకదానితో ఒకటి కలిశాయి. తలా పద్నాలుగు పోగులూ కలిపితే నలభై రెండు. మామూలుగా అలాంటి కలయికలో పుట్టింది గొడ్డుపోతుంది. కానీ ఎప్పుడో ఒకసారి పోగులన్నీ రెట్టింపై గింజ కడుతుంది. గోధుమ అలా నిలబడిన ఉమ్మడి కుటుంబం. పత్తీ అంతే, వేరుశనగా అంతే. అంకె పెద్దదైతే మొక్క గొప్పదని కాదండీ. ఇంట్లో పంచాంగాలు పన్నెండున్నా తిథి ఒకటేగా!"

కమిషనర్ గారికి ఇందులో తిథి ఒక్కటే అర్థమైంది. "అన్నిటికన్నా ఎక్కువ దేనికి?" అని అడిగారు.

ఇక్కడ నోరు మూసుకోవాల్సింది. తెలిసిన సంగతి అడిగితే తెలియదని చెప్పడం చదువుకున్నవాళ్లకు చేతకాదు కదా. "ఒక ఫెర్న్ మొక్క ఉంది సార్. వానాకాలంలో గడ్డిలో మొలుస్తుంది. పన్నెండు వందల అరవై" అంది గొప్పగా.

"ఎన్ని ఆకులు?"

"ఒకటే సార్."

"ఆహా!" అన్నారు భుజంగరావు గారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంత హోదా ఉండి ఒక్క ఆకుతో సరిపెట్టుకుందా! నిరాడంబరత అంటే అది."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సభామర్యాదల పాత ఉత్తర్వులో 'ప్రముఖులు' అని ఉన్న చోటల్లా 'జీవులు' అని, 'పదవి' అని ఉన్న చోటల్లా 'క్రోమోజోముల సంఖ్య' అని మార్చారు. మిగతాది ముట్టుకోలేదు. అందువల్ల అది ఇలా తయారైంది: 'తక్కువ సంఖ్య గల జీవులు, ఎక్కువ సంఖ్య గల జీవుల సమక్షంలో ఆసీనులు కారాదు. వారికంటే ముందుగా జలపానాదులు స్వీకరించరాదు. ఉన్నత హోదా గల జీవులను సొంత అవసరాలకు వినియోగించుకోరాదు. అత్యున్నత హోదా గల జీవికి ఆయా కార్యాలయాల్లో ప్రధాన ఆసనం కేటాయించవలెను.'

సూపరింటెండెంట్ ఏడుకొండలు దాన్ని రెండుసార్లు చదివి కళ్లకద్దుకున్నాడు. ఏ ఉత్తర్వునైనా అర్థం చేసుకోకుండా అక్షరాలా అమలు చేయడంలో ఆయనకు జిల్లాలో పేరుంది. ఆ మధ్యాహ్నమే గట్ల వెంట వెతికించి ఒక ఫెర్న్‌ను కుండీలోకి ఎత్తించాడు. జానెడు ఎత్తున ఒక్క ఆకు, పక్కన పాము నాలుకలా ఒక పుల్ల. దాన్ని తీసుకొచ్చి తువ్వాలు కుర్చీలో పెట్టించాడు.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?" అంది వైజయంతి.

"వారి సమక్షంలో మీరు కూర్చోకూడదు మేడమ్. అసలు మీ అంకె ఎంతో ఇంకా తేలలేదు" అన్నాడు ఏడుకొండలు వినయంగా.

నాంచారమ్మ తలుపు దగ్గర నుంచి తొంగి చూసి బుగ్గన వేలేసుకుంది. "ఓసోస్! ఈ ఒంటాకు దొరగారికా ఇంత వైభోగం? మా మేక చూస్తే ఒక్క నమలు కూడా రాదు!" అంది. ఆ రోజు నుంచి అందరికీ అది ఒంటాకు దొరగారే అయింది. ఏడుకొండలు ఒక్కడూ 'వారు' అనేవాడు.

కుర్చీ పోతే పోయింది. వైజయంతి వరండాలో ముక్కాలిపీట వేసుకుని సర్దుకుంది. అసలు చిక్కు నీళ్లతో వచ్చింది.

ఆ ఏడు తొలకరి ఆశపెట్టి మొహం చాటేసింది. పరిశోధనా స్థానానికి ఉన్నది ఒకటే బోరు. ఇప్పుడు నీళ్లు హోదా ప్రకారం పారాలి. ముందు దొరగారి కుండీకి. తర్వాత చెరకుకు, దానికి నూట పన్నెండు. తర్వాత పసుపు, అరవై మూడు. తర్వాత పత్తి, యాభై రెండు. ఆ తర్వాత వేరుశనగ, నలభై. ఇరవై నాలుగు గల వరి వంతు దాకా వచ్చేసరికి మోటారు గాలి పీల్చేది. ఇరవై రెండు మాత్రమే గల పెసర మడి నోరు తెరుచుకుని చూస్తూ ఉండేది.

పెసర పూత మీదికొచ్చింది. సరిగ్గా ఇప్పుడు ఒక్క తడి పడితే చాలు, పిందె నిలబడుతుంది. పడకపోతే పూతంతా రాలిపోతుంది. వైజయంతి మధ్యాహ్నం ఎండలో మడి గట్టు మీద నిలబడి, వాలిపోయిన ఆకులు చూసి, "ఇరవై రెండుతో పుట్టడం మీ తప్పా తల్లీ!" అని పైకే అనేసింది. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది.

నాంచారమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. "ఆ కుండీలో నీళ్లు పొంగి నేల మీద పారుతున్నాయమ్మా. ఓ రెండు బిందెలు ఇటు ఎత్తుకు రమ్మంటావా?"

"రెండు బిందెలు ఏ మూలకే? మడి తడవాలి. అదీ కాక ఏడుకొండలు గారు ఊరుకోరు."

ఏడుకొండలు నిజంగానే ఊరుకోలేదు. "వారు చాలు అని చెప్పేదాకా పోస్తూనే ఉండాలి మేడమ్. వారు ఇంతవరకూ చాలు అనలేదు."

వైజయంతి కమిషనర్ గారికి ఫోన్ చేసింది. ఆయన శాంతంగా విన్నారు. "పెసరకు అన్యాయం జరగకూడదమ్మా. పదోన్నతికి దారి ఉండనే ఉంది. అడవినాభి దుంపల మందేదో పెడితే అంకె రెట్టింపవుతుందట కదా? మా వాళ్లు చెప్పారు. నలభై నాలుగు చేసి పంపండి, పరిశీలిద్దాం."

"అలా చేసిన మొక్కలు చాలావరకు సరిగ్గా గింజ కట్టవు సార్. స్థిరపడటానికి ఏళ్లు పడుతుంది. నా పూత ఈ వారం దాటదు."

"పదోన్నతికి ఎవరికైనా ఏళ్లు పడుతుందమ్మా. నాకు పట్టలేదా?" అని ఫోన్ పెట్టేశారు. పెట్టే ముందు, ఉత్తర్వు అమలు స్వయంగా చూడటానికి ఎల్లుండి వస్తున్నాననీ, భోజనం అక్కడేననీ చెప్పారు.

కమిషనర్ గారు మూడు జీపుల్లో వచ్చారు. వెంట ఉపకమిషనర్లు, సహాయకులు, ఫోటో తీసేవాడు, డ్రైవర్లు. నేరుగా లోపలికెళ్లి దొరగారికి నమస్కారం చేశారు. ఎదురుగా ఆయన కోసం ఇంకో కుర్చీ వేసి ఉంది. కూర్చోబోయారు.

"సార్, ఒక్క నిమిషం" అన్నాడు ఏడుకొండలు. ఆయన గొంతులో కుట్ర లేదు, పాపం, కర్తవ్యమే ఉంది. "హాజరైన జీవుల హోదా వరస రాసుకుంటున్నాను. తమరి అంకె ఒక్కటి తెలియలేదు. మేడమ్, మనుషులకు ఎంత?"

వైజయంతి ఈసారి నోరు జారలేదు. కావాలనే, నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. "నలభై ఆరు."

కమిషనర్ గారు సగం వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయి, మెల్లగా నిటారు అయ్యారు.

"అంటే పత్తికన్నా..."

"ఆరు తక్కువ సార్" అన్నాడు ఏడుకొండలు. "ఆ లెక్కన తమరు తొడుక్కున్న నూలు చొక్కా తమరి పై అధికారి అవుతుంది. ఉన్నత హోదా వారిని సొంత అవసరాలకు వాడరాదని మూడో నిబంధన. నాది టెరికాటన్ సార్, సగమే తప్పు."

భోజనం దగ్గర ఇంకా ఘోరం. నిలబడే తినాలని తేలింది. బంగాళాదుంప వేపుడు తీయించేశారు, దానికి నలభై ఎనిమిది. పప్పులో పసుపు ఉందని పప్పు తీయించేశారు. బెల్లం చెరకు బిడ్డ కదా అని పాయసం పోయింది. చివరికి కమిషనర్ గారి విస్తట్లో అన్నం, పచ్చిమిరపకాయ మిగిలాయి. ఆయన నిలబడి, చొక్కా వైపు అపరాధిలా చూసుకుంటూ, అన్నం కెలికారు.

"మనుషులకు మినహాయింపు అని ఒక్క ముక్క చేరిస్తే పోలా సార్?" అన్నాడు ఒక ఉపకమిషనర్.

భుజంగరావు గారు ఉలిక్కిపడ్డారు. "సవరణా? నిన్నమొన్నటి ఉత్తర్వుకు సవరణ ఇస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే కదయ్యా! నా సర్వీసులో సవరణ లేదు. కావాలంటే వివరణ ఇవ్వొచ్చు."

వైజయంతికి ఎక్కడో దీపం వెలిగింది. పూత గుర్తొచ్చింది. గొంతు సవరించుకుంది.

"వివరణ అయితే ఉంది సార్. ఆ రోజు గోధుమ సంగతి చెప్పాను కదా? దానికి నలభై రెండు ఎలా వచ్చాయి? మూడు మొక్కలవీ ఉమ్మడిగా లెక్కేస్తేనే కదా వచ్చాయి. గోధుమకు ఉమ్మడి లెక్క చెల్లినప్పుడు మనకెందుకు చెల్లదు? మీరొక్కరే అయితే నలభై ఆరు. మీరూ నేనూ కలిస్తే తొంభై రెండు. పత్తి కిందికి పోయింది. ఏడుకొండలు గారు కూడా కలిస్తే చెరకు కిందికి పోయింది."

నిజానికి గోధుమ కలిసింది కణం లోపల, కలిసి ఒకే మొక్క అయింది. పక్కపక్కన నిలబడితే కలిసినట్టు కాదు. ఈ సంగతి చెబితే ఆ గదిలో ఎవరికీ ఉపయోగం లేదని వైజయంతి చెప్పలేదు.

కమిషనర్ గారి మొహం కడిగిన ముత్యంలా అయింది. "వారి స్థాయికి ఎంతమంది కావాలి?" అని కుండీ వైపు గడ్డంతో చూపించారు.

ఏడుకొండలు అప్పటికే లెక్క కట్టేశాడు. "ఇరవై ఏడు మందికి పన్నెండు వందల నలభై రెండు. చాలదు సార్. ఇరవై ఎనిమిది మంది కావాలి."

"పిలవండి!"

జీపుల దగ్గర నుంచి డ్రైవర్లను, వంటవాణ్ని, చేలో నుంచి కూలీలను పిలిచారు. అందరూ గోడలకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఏడుకొండలు వేలితో చూపిస్తూ లెక్కపెట్టి, "ఇరవై ఎనిమిది" అనగానే భుజంగరావు గారు కుర్చీలో కూర్చున్నారు. ఫోటో తీశారు.

"మనమంతా నిలబడితేగాని ఆయన కూర్చోలేడా?" అని నాంచారమ్మ పక్కావిడ చెవిలో అంది. "ఇందులో కొత్తేముందే? ఎప్పుడూ అంతేగా!"

కూర్చున్న ఉత్సాహంలో కమిషనర్ గారు అక్కడికక్కడే వివరణ చెప్పి రాయించారు. 'ఒకే గట్టు లోపల, ఒకే పని మీద ఉన్న జీవులను, దరఖాస్తుపై, ఉమ్మడిగా పరిగణించవచ్చును.' సంతకం ఆరకముందే వైజయంతి ఒక దరఖాస్తు రాసి ముందు పెట్టింది. ఒకే గట్టు లోపల ఆరువేల పెసర మొక్కలు. తలా ఇరవై రెండు.

ఏడుకొండలు పెదాలు కదుపుతూ గుణించాడు. "లక్షా ముప్ఫై రెండు వేలు" అన్నాడు. అని, కుండీ వైపు తిరిగి, "వారు ఏమనుకోకూడదు" అని కూడా అన్నాడు.

సాయంత్రం పెసర మడికి నీళ్లు పారాయి. బోరు నీరు గట్టు తిరిగి, మొదటి చాలులోకి నురగ కక్కుకుంటూ దూకుతుంటే వైజయంతి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని చెప్పులు విడిచి బురదలోకి దిగిపోయింది. "అమ్మయ్య! అమ్మయ్య!" అని నాంచారమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది. మడంతా తడిసేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మరి చెరకుకూ వేల మొక్కలున్నాయి కదా అని మీకు సందేహం రావచ్చు. ఏడుకొండలుకూ వచ్చింది. కానీ చెరకు తరఫున దరఖాస్తు పెట్టాల్సింది ఇన్‌చార్జి. ఇన్‌చార్జి గారికి ఆ వారమంతా తీరిక దొరకలేదు. తడి పూర్తయ్యాక అన్ని మడుల తరఫునా ఒకేసారి పెట్టింది. అన్నీ లక్షలకు లక్షలై ఎవరు గొప్పో తేల్చలేక ఏడుకొండలు మంచం పట్టాడు. ఆ సందులో నీళ్లు పాత పద్ధతిలో, ఏది ఎండితే దానికి, పారసాగాయి.

కమిషనర్ గారి తీరు మాత్రం మారిపోయింది. ఎక్కడికెళ్లినా బస్సు వేసుకుని మందితో వెళ్లేవారు. ఏ కార్యాలయంలో కూర్చోవాలన్నా ఇరవై ఎనిమిది తలలు తేలాలి. తమ శాఖకు సిబ్బంది చాలడం లేదని పైకి రాశారట కూడా.

వానాకాలం వెనకబట్టింది. దొరగారి ఒక్క ఆకూ పండి, వాలి, రాలిపోయింది. దాని తీరే అంత, ఏటా ఈ రోజుల్లో నేలలోకి ముడుచుకుంటుంది. అయితే మంచం దిగి డ్యూటీకి వచ్చిన ఏడుకొండలు కుండీని కుర్చీలోంచి తీయనివ్వలేదు. "ఆకు లేకపోతేనేం? వేరులో హోదా అలాగే ఉంటుంది మేడమ్" అన్నాడు. శాస్త్రం ప్రకారం అది నిజం కాబట్టి వైజయంతి మళ్లీ వరండాలో ముక్కాలిపీటే వేసుకుంది.

పెసర పండింది. మడి మొత్తం ఒక్క రోజున నల్లబడింది. కాయలన్నీ ఒక్కసారే! కూలీలందరూ పొద్దున్నే దిగారు. వైజయంతి కూడా ముక్కాలిపీట వదిలేసి, తలకు కొంగు చుట్టుకుని వాళ్లతో పాటు కోస్తోంది. ఎండెక్కితే కాయ చిట్లి గింజ రాలిపోతుంది, ఒక్క చెయ్యి కూడా ఖాళీగా ఉండటానికి లేదు.

సరిగ్గా అప్పుడే కమిషనర్ గారి బస్సు వచ్చింది. కాసేపటికి వైజయంతి ఫోన్ మోగింది.

"మేడమ్" అన్నాడు ఏడుకొండలు గాభరాగా. "కుండీలో వారి ఎదుట సార్ నిలబడే ఉన్నారు. ఎంత లెక్కపెట్టినా ఇరవై ఏడు మందిమే తేలుతున్నాం. మీరు వెంటనే రావాలి."

"నేను కోతలో ఉన్నానండీ."

"కనీసం ఒక కూలీనైనా పంపండి. సార్‌కు మోకాళ్ల నొప్పులు."

వైజయంతి నడుం నిటారు చేసి మడి వైపు చూసింది. ఎంతమంది వంగి ఉన్నారో చూసింది. ఒక్కరినీ లేపడానికి మనసొప్పలేదు.

"ఎంత తక్కువైంది?"

"పద్దెనిమిది మేడమ్."

ఆవిడకు నవ్వొచ్చింది. వంగి, కాయలతో బరువెక్కిన ఒక పెసర మొక్కను వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, నాంచారమ్మ చేతిలో పెట్టింది. "ఇది ఇచ్చేసి రావే. నాకు బదులని చెప్పు. దీనికి ఇరవై రెండు, ఇంకా నాలుగు మిగుల్తాయి."

నాంచారమ్మ పరుగున వెళ్లి, అంతకన్నా పరుగున తిరిగొచ్చింది. వగరుస్తూ వంగి మళ్లీ కాయ కోయడం మొదలుపెట్టింది.

"ఏమైందే?"

"లోపలికెళ్తే నన్ను కూడా లెక్కేసుకుంటారని కిటికీలోంచి అందించానమ్మా" అంది నాంచారమ్మ. "కమిషనరు బాబు దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ కుండీకేసి ఎంత దర్జాగా చూశాడనుకున్నావు!"

మడంతా ఘొల్లున నవ్వింది. ఎండెక్కకముందే ఆఖరి చాలు అయిపోయింది.